సవరణ: సెర్బ్ బదులు ఏఎన్‌ఆర్‌ఎఫ్

గోదావరి డెల్టా కళాశాలల అధ్యాపకుల కోసం గ్రాంట్లపై ఇచ్చిన గత టపాలో, పరిశోధన దరఖాస్తులు సెర్బ్‌కు (కేంద్ర ప్రభుత్వ సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధన మండలికి) పంపాలని ఉంది. 2023 చట్టంతో ఏర్పడిన ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో) సెర్బ్ కలిసిపోయింది. ఇకపై ఏఎన్‌ఆర్‌ఎఫ్ ప్రకటనలే చూడండి. పాత నమూనా పత్రాలు నింపుతూ కూర్చోవద్దు.

కంపెనీల నిధులతో చేసే సేవా ప్రాజెక్టుల గురించి మరో వివరణ. కంపెనీల సామాజిక బాధ్యత నిధి ఆ ఏటి లాభంలో 2 శాతం కాదు, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. కాకినాడ తీరంలోని పరిశ్రమలకు రాసేటప్పుడు ఇది మనకు పెద్ద అండ. అయినా మంచి ఆలోచనలు ‘గ్రామాభివృద్ధి’ అనే పొడిమాటలో మునిగిపోతుంటే బాధ కలుగుతుంది. కోనసీమలో ఏ ఊరి బోర్లలో ఉప్పునీరు వస్తోందో, ఏ కాలువ శివారు పొలాలకు నీరందడం లేదో, మీ విద్యార్థులు ఏ నెలలో ఏం కొలుస్తారో దరఖాస్తు మొదటి పేజీలోనే రాయండి.