అమ్మానాన్నల అమెరికా ప్రయాణం గురించి వాళ్ళకే ఏమీ చెప్పకపోతే ఎలా?

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తల్లిదండ్రులను పిలిపించుకునే పద్ధతి ఒకటి మన తెలుగు ఇళ్ళలో స్థిరపడిపోయింది. దరఖాస్తు పిల్లలే అక్కడి నుంచి నింపుతారు, రుసుము వాళ్ళే కడతారు, ఇంటర్వ్యూ తేదీ, టికెట్టు, బీమా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. తల్లిదండ్రుల చేతికి చివరకు అందేది ఒక కాగితాల ఫైలు, "అడిగితే ఇలా చెప్పండి" అంటూ వాట్సాప్‌లో వచ్చిన నాలుగు జవాబులు. ఇదంతా ప్రేమతోనే చేస్తున్నారు, పెద్దవాళ్ళకు శ్రమ ఉండకూడదనే చేస్తున్నారు, ఆ మాట నేను కాదనను. అయితే అమెరికా చట్టం దృష్టిలో దరఖాస్తుదారులు ఆ తల్లీ తండ్రీ. సంతకం వాళ్ళది, వేలిముద్రలు వాళ్ళవి, తప్పు రాస్తే పర్యవసానం పడేది కూడా వాళ్ళ మీదే. అటువంటప్పుడు ఆ దరఖాస్తులో ఏముందో వాళ్ళకు తెలియకుండా పంపడం అన్యాయమని, ఈ అలవాటు మానుకోవాలని గట్టిగా చెప్పదలచుకున్నాను.

మొదట డీఎస్-160 సంగతి చూద్దాం. సందర్శకుల వీసాకు, అంటే బీ-1/బీ-2కు, ఆన్‌లైన్‌లో నింపే దరఖాస్తు ఇదే. దరఖాస్తును వేరేవాళ్ళు నింపిపెట్టవచ్చు, దానికి అభ్యంతరం లేదు. నింపడానికి ఎవరైనా సహాయం చేశారా అన్న ప్రశ్న ఆ దరఖాస్తులోనే ఉంటుంది, దానికి ఉన్నదున్నట్టు జవాబు రాస్తే సరిపోతుంది. కానీ చివరన సంతకం చేసే మీట నొక్కవలసింది దరఖాస్తుదారే, పైన రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నదీ ఆ మనిషే. గతంలో ఏ దేశాలకు వెళ్ళారు, ఎప్పుడైనా వీసా నిరాకరించారా, అమెరికాలో దగ్గరి బంధువులు ఎవరున్నారు, వాళ్ళు పౌరులా, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళా, గత ఐదేళ్ళలో ఏయే సామాజిక మాధ్యమాల్లో ఏ పేరుతో ఉన్నారు అని అందులో అడుగుతారు. ఎప్పుడైనా ఎవరైనా మీ తరఫున వలస పిటిషన్ వేశారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. పౌరసత్వం వచ్చిన కొడుకు తల్లికి గ్రీన్‌కార్డు కోసం ఐ-130 అనే వలస పిటిషన్ వేసి, ఆ సంగతి ఆమెకు పూర్తిగా వివరించకుండా వదిలేస్తే, ఆ ప్రశ్నకు ఆమె ఏమని జవాబు చెబుతుంది?

నాకు తెలిసిన ఒక పెద్దాయనకు ఇలాంటిదే జరిగింది. దరఖాస్తు నింపిన ఏజెంటు, అమెరికాలో బంధువులు ఎక్కువమంది ఉంటే వీసా ఇవ్వరన్న తన సొంత సిద్ధాంతంతో, కూతురి వివరాలు రాసి చిన్న కొడుకు వివరాలు వదిలేశాడు. ఇంటర్వ్యూలో అడిగితే పెద్దాయన దాచకుండా పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారని చెప్పాడు. ఆయన చెప్పింది నిజం, కాగితం మీద ఉన్నది అబద్ధం, వీసా రాలేదు. అంతటితో పోయిందని ఆ కుటుంబం ఊరట పడింది, ఎందుకంటే అంతకంటే ఘోరం జరగడానికి ఆస్కారం ఉంది. ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి అబద్ధం చెప్పినట్టు అధికారి తేలిస్తే, అమెరికా వలస చట్టంలోని 212(ఎ)(6)(సి) అన్న సెక్షన్ కింద ఆ మనిషి జీవితాంతం వీసాకు అనర్హుడు కావచ్చు. అరవై దాటిన మనిషికి మనవలను చూసే దారి మూసేసే అధికారం ఏ ఏజెంటుకు ఉంది? రుసుముగా కట్టిన 185 డాలర్లు వీసా రాకపోతే తిరిగి రావు. అయితే డబ్బు పోవడం ఇక్కడ చాలా చిన్న నష్టం.

ఇక ఇంటర్వ్యూ. అదే చట్టంలోని 214(బి) అనే సెక్షన్‌ను వీసా రానివాళ్ళందరూ తలుచుకుంటారు గానీ అందులో ఉన్నది ఏమిటో తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. దరఖాస్తు పెట్టిన ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారు మీద పెడుతుంది. ఇది తెలిస్తే అధికారి ప్రశ్నలు ఎందుకు అలా ఉంటాయో అర్థమవుతుంది. ఇక్కడ ఇల్లుందా, పింఛను వస్తుందా, పొలం ఎవరు చూస్తున్నారు, ఇంకో కొడుకు ఇక్కడే ఉన్నాడా అన్న ప్రశ్నల వెనక ఉన్నది ఒక్కటే, మీరు తిరిగి వస్తారా అన్నది. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడే వీలుంది. అయినా రాని ఇంగ్లీషులో బట్టీ పట్టించి పంపేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయురాలు, ముప్ఫై ఎకరాల సాగు చూసుకున్న రైతు, తమ జీవితం గురించి తమ భాషలో రెండు నిమిషాలు మాట్లాడలేరా? వాళ్ళకు కావలసింది కంఠస్థం చేసిన జవాబులు కావు, తమ ప్రయాణం గురించిన అవగాహన.

ఎన్ని రోజులు ఉంటారు, ఎందుకు వెళ్తున్నారు, ఖర్చు ఎవరిది, అబ్బాయి ఏ ఊళ్ళో ఏ ఉద్యోగం చేస్తున్నాడు, అతనిది ఏ వీసా అన్నవి తండ్రికి నోటికి రావాలి. కూతురి కాన్పు కోసం వెళ్తుంటే ఆ మాట దాచమని, ఊళ్ళు చూడటానికి వెళ్తున్నామని చెప్పమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. కాన్పు సమయంలో కూతురికి తోడుగా ఉండటం, పుట్టిన బిడ్డను చూడటం కుటుంబాన్ని కలవడం కిందికే వస్తుంది, అది చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పని కాదు. ఆయా జీతం మిగుల్చుకోవడానికి తల్లిని పిలుస్తున్నారేమోనన్న అనుమానం అధికారికి కలగవచ్చు, ఈ వీసా మీద జీతానికి పని చేయకూడదన్నదీ నిజమే. అయితే ఆ అనుమానం తీరేది ఎంతకాలం ఉంటారో, ఎప్పుడు తిరిగి వస్తారో స్పష్టంగా చెప్పినప్పుడు. దరఖాస్తులో మూడు నెలలని రాసి, తల్లి నోట ఆరు నెలలని వస్తే అక్కడే చిక్కు మొదలవుతుంది.

మరో మార్పు కూడా చెప్పాలి. 79 ఏళ్ళు దాటినవాళ్ళకు ఇదివరకు ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి వయసును బట్టి ఇచ్చే ఆ మినహాయింపు తీసేశారు. పాత సంగతి నమ్ముకుని నాయనమ్మ వెళ్ళనవసరం లేదని కూర్చోవద్దు. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూట ఎనిమిది చేసే భక్తిని నేను గౌరవిస్తాను. ఆ ప్రదక్షిణలతో పాటు, తమ దరఖాస్తు ప్రతిని ఒకసారి తెలుగులో చదివించుకుని వెళ్ళమని మాత్రం చెబుతాను.

పేర్ల విషయం చిన్నదే గానీ మనవాళ్ళకు తరచుగా ఎదురవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటే, వీసాలో ఆ పేరును ఇంటిపేరు స్థానంలో వేసి, అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని ముద్రిస్తారు. పేరు తప్పు పడిందని పెద్దవాళ్ళు కంగారు పడకుండా ఈ సంగతి ముందే చెప్పండి, టికెట్టు మీద పేరు పాస్‌పోర్టుతో సరిపోయేలా చూడండి.

ప్రయాణం దగ్గర నా కోపం టికెట్ల మీద. పదివేలు తక్కువకు వస్తోందని రెండు వేర్వేరు టికెట్లు కొంటారు. మధ్యలో దిగిన ఊళ్ళో సామాను తీసుకుని మళ్ళీ చెక్ ఇన్ చేయవలసి వస్తే ఆ దేశపు వీసా కావలసి రావచ్చని, ఇంగ్లీషు అంతగా రాని దంపతులు ఆ గందరగోళాన్ని ఎలా దాటుతారని ఆలోచించరు. ఒకే టికెట్టు మీద, తగినంత వ్యవధి ఉన్న మార్గం చూడాలి, వీల్‌చైర్ సహాయం ముందే అడిగి పెట్టాలి. అబూధాబీ మీదుగా వెళ్ళేవాళ్ళకు అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే పూర్తవుతుంది, కాబట్టి ఇమిగ్రేషన్ ప్రశ్నలకు చికాగోలోనో న్యూయార్క్‌లోనో కాక అబూధాబీలోనే సిద్ధంగా ఉండాలని వాళ్ళకు తెలియాలి. గల్ఫ్ మీదుగా వెళ్ళేటప్పుడు సంచిలో గసగసాలు ఉండకూడదు. యూఏఈలో అవి నిషిద్ధం, వంటదినుసుగా తెచ్చామంటే వినరు.

పచ్చి కరివేపాకు అమెరికాలోకి అనుమతించరు, నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని మీద ఉంటుందన్నది కారణం. కోడి, మేక మాంసం పచ్చళ్ళూ మన దేశం నుంచి తీసుకెళ్ళడానికి వీలు లేదు. తినే వస్తువు ఏది ఉన్నా ఉందని చెప్పమని అమ్మకు నేర్పండి. ఉందని చెబితే, అనుమతి లేనిది తీసి పారేసి పంపిస్తారు. లేదని చెప్పి దొరికితే మొదటిసారికే 300 డాలర్లు, ఆపైన జరిమానా పడవచ్చు. ఒంటి మీద బంగారం ఎక్కువగా ఉంటే, బయలుదేరే రోజు మన విమానాశ్రయంలోని కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అది ఉంటే తిరిగి వచ్చేటప్పుడు తన నగలు తనవేనని చెప్పుకోవడానికి అమ్మకు ఆధారం ఉంటుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది బీమా. ఈ వీసాకు బీమా తప్పనిసరి కాదు కాబట్టి చవకది ఏదో ఒకటి కొని పడేస్తారు. అమెరికాలో సందర్శకులకు ప్రభుత్వ వైద్యం ఉండదు, ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటే వచ్చే బిల్లు కుటుంబాన్ని కుదిపేస్తుంది. చవక బీమాల్లో చాలావరకు ఒక్కో చికిత్సకు ఇంత అని నిర్ణీత మొత్తం మాత్రమే ఇస్తాయి, మిగిలినది మనమే కట్టాలి. సమగ్ర బీమాలోనైనా అంతకుముందే ఉన్న జబ్బులకు సాధారణంగా వర్తించదు, అవి హఠాత్తుగా ముదిరితే మాత్రం కొంత పరిమితి వరకు ఇచ్చేవి కొన్ని ఉంటాయి. నాన్నకు పదేళ్ళుగా చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్నప్పుడు ఆ షరతు ఏ వయసు వరకు, ఎంత మొత్తానికి అన్నది చదవకుండా కొనడం చాలా ప్రమాదకరం. నాన్నకూ ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఛాతీలో నొప్పి వస్తే పిల్లలకు ఖర్చవుతుందని దాచిపెట్టే మనుషులు మన తండ్రులు. బయలుదేరే ముందు ఇక్కడి వైద్యుడికి చూపించుకుని, మందుల చీటీ మీద కంపెనీ పేర్లతో పాటు మందు అసలు పేర్లు కూడా రాయించుకోవాలి. మనం పారాసిటమాల్ అనేదాన్ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. మందులు వాటి అసలు పెట్టెల్లోనే ఉంచి, చేతిసంచిలో పెట్టుకోవాలి.

చివరగా ఐ-94, అంటే అమెరికాలో ఏ తేదీ వరకు ఉండవచ్చో చూపే అధికారిక నమోదు. పాస్‌పోర్టులో అతికించిన వీసా మీద పదేళ్ళ గడువు చూసి, పదేళ్ళు ఎప్పుడంటే అప్పుడు ఎన్నాళ్ళైనా ఉండవచ్చనుకునే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వీసా అనేది గుమ్మం వరకు వెళ్ళడానికి అనుమతి మాత్రమే. లోపల ఎంతకాలం ఉండవచ్చో దిగిన చోట అధికారి నిర్ణయిస్తాడు, సందర్శకులకు అది సాధారణంగా ఆరు నెలలు. విమానంలో వచ్చేవాళ్ళకు కాగితపు ఐ-94 ఇవ్వడం 2013లోనే మానేశారు కాబట్టి, దిగిన వారంలోగా అధికారిక వెబ్‌సైట్ నుంచి దాన్ని తీసి, అందులోని తేదీ సరిగా ఉందో లేదో చూసి, ఒక ప్రతి అమ్మానాన్నల చేతికి ఇవ్వాలి. ఆ తేదీ దాటి ఉంటే వీసా దానంతట అదే రద్దవుతుంది. 180 రోజులు మించి అక్రమంగా ఉండి తిరిగి వస్తే మూడేళ్ళు, ఏడాది, ఆపైన ఉంటే పదేళ్ళు మళ్ళీ అడుగుపెట్టనివ్వరు. నిజంగా అవసరం పడితే ఆ తేదీకి ముందే గడువు పొడిగించమని కోరే ఐ-539 దరఖాస్తు వేయాలి, వేసినంత మాత్రాన పొడిగింపు దొరికినట్టు కాదు. ఇంకో నెల ఉండండి అని ఆపే ముందు ఈ విషయాలన్నీ వాళ్ళతో మాట్లాడి, ఉంటారో వెళ్తారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. తిరుగు టికెట్టు మాత్రం ఐ-94 తేదీకి కనీసం రెండు మూడు వారాల ముందుకే తీయండి, ఎందుకంటే మంచు తుపానుకు విమానాలు రద్దవుతాయి, ఆ వయసులో చిన్న జ్వరానికైనా ప్రయాణం వాయిదా వేయవలసి వస్తుంది.