భూమి మీద నుంచి కాలు తీయండి సార్

శుక్రవారం తనిఖీ ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే గ్రహాలను బీరువాలో పెట్టి తాళం వేసి, అందరిలాగే నల్లబల్ల మీద తేదీ రాసి బుద్ధిగా కూర్చునేదాన్ని.

ఎనిమిదో తరగతికి సౌర కుటుంబం పాఠం. పుస్తకాల్లో ఆ బొమ్మ చూసే ఉంటారు. సూర్యుడి పక్కన గ్రహాలన్నీ రేషను దుకాణం ముందు జనంలా భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటాయి. ఆ బొమ్మ చూస్తూ పెరిగినవాళ్లకు నెప్ట్యూన్ అంటే పక్క వీధి. పాపం, పేజీకి మాత్రం అంత చోటెక్కడిది? అందుకని ఇంట్లో పోపుల డబ్బా చంకన పెట్టుకుని బడికి వెళ్లాను. వెయ్యి కోట్ల రెట్లు కుదిస్తే సూర్యుడు 14 సెంటీమీటర్ల పంపరపనస అవుతాడు. శుక్రుడు, భూమి చెరొక ఆవగింజ. అంగారకుడు గసగసాల్లో ఒకటి, బుధుడు రవ్వ పలుకు. గురుడికి గోలీ, శనికి కుంకుడు గింజ, యురేనస్‌కూ నెప్ట్యూన్‌కూ మిరియాలు. ఇంతవరకు డబ్బాలోనే సరిపోయింది. దూరాలే మా బడికి సరిపోలేదు. భూమి 15 మీటర్లలో, గురుడు 78 మీటర్లలో. అక్కడితో మైదానం అయిపోయింది. శని 143 మీటర్లు కనుక ప్రహరీ అవతలికి పోయాడు. యురేనస్ 287 మీటర్లు, అంటే నడిరోడ్డు. నెప్ట్యూన్ 450 మీటర్లు, అంటే సరిగ్గా మిరపకాయ బజ్జీల బండి. ఆ మిరియం పట్టుకుని నిలబడటానికి తరగతిలో సగం మంది చేతులెత్తారు. ఖగోళశాస్త్రం మీద అంత ఆసక్తి ఎందుకో నాకు అప్పుడే తట్టాల్సింది.

వెలుతురును కూడా కుదించాం. సూర్యుడి నుంచి భూమికి కాంతి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది కదా, ఈ లెక్కలో దాని వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు. ఒక పిల్లవాడు పసుపు చొక్కా వేసుకొచ్చాడు కనుక వాడినే కాంతిగా నియమించాం. జానెడు దూరం పాకడానికి ఆరేడు సెకన్లు తీసుకోవాలి, మధ్యలో ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు. శూన్యంలో కాంతి ఆగదని నేనే గట్టిగా చెప్పాను.

అప్పుడు గాలి వీచింది. అట్టముక్క మీద జిగురుతో అంటించిన భూమి ఊడి ఎర్రమట్టిలో పడింది. మట్టిలో ఆవగింజ! నలభై మంది మోకాళ్ల మీద కూర్చుని మైదానమంతా వేళ్లతో జల్లెడ పడుతుండగా గేటు దగ్గర జీపు ఆగింది.

అధికారి గారు దిగడమే చిరాకుగా దిగారు. దారిలో యురేనస్ చేయి అడ్డం పెట్టి జీపు ఆపాడట. "కక్ష్యలోకి రాకండి" అన్నాడట. హెడ్మాస్టరు గారు గొడుగుతో ఎదురు పరుగెత్తారు. ఇద్దరూ సరాసరి మైదానం మధ్యకు వచ్చి నిలబడ్డారు.

"పిల్లలేమిటి మట్టిలో?"

"భూమి పోయిందండి" అన్నాను. నోటి నుంచి అంతకంటే మంచి వాక్యం రాలేదు.

హెడ్మాస్టరు గారి ముఖం చూడలేకపోయాను. ఆయన పదవీ విరమణకు దగ్గరలో ఉన్నారు, పింఛను కాగితాలు ఇంకా కదులుతున్నాయి.

"ఎవరు ఆక్రమించారు?" అన్నారు అధికారి గారు, జేబులోంచి కలం తీస్తూ. బడి స్థలాల గురించి పైనుంచి ఏదో ఉత్తర్వు వచ్చి ఉంటుంది. ఆయన నిజంగానే రాసుకోబోయారు.

అంతలో ముందు వరుసలోని చిన్న జడల అమ్మాయి, తరగతిలో ఏనాడూ నోరు విప్పని పిల్ల, ఆయన బూటు వైపు వేలు చూపించింది. "సార్, మీరు భూమి మీద నిలబడ్డారు. కాలు తీయండి సార్."

ఆయన తీయలేదు. ఆ వాక్యం ఎవరికైనా అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలోనే పసుపు చొక్కావాడు పాకుతూ పాకుతూ ఆయన దగ్గరికి చేరుకుంటున్నాడు. అధికారిని చూసి లేచి నమస్కారం పెట్టాలి, కానీ కాంతి ఆగకూడదు. పాకుతూనే ఒక చేయి నుదుటికి ఆనించాడు.

"వీడికేమయింది?"

"వాడు కాంతండి. సూర్యుడి దగ్గర బయలుదేరి ఎనిమిది నిమిషాలైంది. ఇంకో ఇరవై సెకన్లలో మీ దగ్గరికి వస్తాడు."

హెడ్మాస్టరు గారు గొడుగు మూసేశారు. ఎందుకు మూశారో ఇప్పటికీ చెప్పరు. ఆ ఇరవై సెకన్లూ మైదానంలో ఒక్కరూ మాట్లాడలేదు. కాంతి వచ్చి బూటు ముక్కుకు తగిలి, "అయిపోయింది మేడం" అని వెల్లకిలా పడుకుంది. అప్పుడు గానీ ఆయన కాలు ఎత్తలేదు. భూమి అక్కడ లేదు. బూటు అడుగున గాడిలో ఇరుక్కుంది. అధికారి గారు హెడ్మాస్టరు గారి భుజం పట్టుకుని ఒంటికాలిమీద నిలబడ్డారు, చిన్న జడల పిల్ల పిన్నీసుతో గాడి గోకింది. ఆవగింజతో పాటు చిన్న ఇసుక రేణువు కూడా రాలింది. "చంద్రుడు కూడా వచ్చాడు మేడం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. లెక్క ప్రకారం చంద్రుడు భూమికి నాలుగు సెంటీమీటర్ల లోపే ఉంటాడు, కాబట్టి కాదనలేకపోయాను.

సరిగ్గా ఆ క్షణంలోనే అటెండరు ఫోటో తీశాడు. తనిఖీ జరిగినట్టు రుజువుగా ఫోటో యాప్‌లో పెట్టాలి. ఒకసారి ఎక్కించాక తీసేయడానికి వీల్లేదట.

తరువాత ఆయన ఫారం తెరిచారు. అందులో "నమూనా: ఉంది / లేదు" అని ఒక గడి. "నమూనా చూపించండి" అన్నారు. మీరు అందులోనే నిలబడ్డారండి అన్నాను. ఆయన నాలుగువైపులా చూశారు. బల్ల మీద పంపరపనస, ఆపైన ఖాళీ మైదానం. ఆ ఖాళీయే పాఠమని, దగ్గరి నక్షత్రాన్ని చూపించాలంటే 4,000 కిలోమీటర్లు పోవాలని, కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా దేశం మొత్తం 3,214 కిలోమీటర్లేనని చెప్పబోయాను. ఆయన అప్పటికే "లేదు" దగ్గర టిక్కు పెట్టేశారు. గడిలో పట్టనిది లేనట్టే లెక్క. సోమవారానికల్లా థర్మోకోల్‌తో ఒకటి చేయించి, బల్ల మీద పెట్టి, ఫోటో పంపమన్నారు.

నెప్ట్యూన్ మాత్రం సాయంత్రం వరకు రాలేదు. వాయేజర్-2 వ్యోమనౌకకు భూమి నుంచి అక్కడికి వెళ్లడానికి 1977 నుంచి 1989 దాకా పట్టింది కాబట్టి నేను పెద్దగా కంగారు పడలేదు. చివరికి మూతికి నూనెతో వచ్చాడు. మిరియం ఏదిరా అంటే, బజ్జీ తిన్నాక దగ్గొచ్చిందని నమిలేశాడట.

శనివారం బజారులో స్టేషనరీ దుకాణానికి వెళ్లాను. రెడీమేడ్ సౌర కుటుంబం ఉంది, మధ్యలో బల్బు కూడా వెలుగుతుంది. గ్రహాలన్నీ నిమ్మకాయంతే, జానెడుకొకటి. లెక్కపెడితే తొమ్మిది. ప్లూటోను 2006లోనే గ్రహాల జాబితాలోంచి తీసేశారు కదా అన్నాను.

"కావాలంటే నేనూ తీసేస్తాను మేడం, రేటు మాత్రం తగ్గదు" అన్నాడు.