ఏరియేటర్ మీట ఎవరి చేతిలో ఉంది?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి వైపు మా బావమరిదికి రెండు రొయ్యల చెరువులున్నాయి. కిందటేడాది నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీఓ సెన్సరు, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లను ఫోన్‌తోనే ఆన్ చేసే పెట్టె బిగించుకున్నాడు. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి, ఆ వేళ టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగే బాధ తప్పిందని సంబరం. ఓ ఆదివారం వాళ్ల రౌటర్ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో దాని చిరునామా) అడిగి, విజయనగరంలో మా ఇంట్లో కూర్చుని బ్రౌజర్‌లో కొట్టాను. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. పేజీ తెరుచుకుంది. రెండో చెరువు ఏరియేటర్ల ఎదురుగా ‘ఆఫ్’ బటన్. నా వేలు దాని పక్కనే ఉంది. ఫోన్ చేసి చెబితే, ‘‘ఏటవుద్ది బావా, మన చెరువుతో ఎవడికి పనుంటాది?’’ అన్నాడు.

చెరువుతో ఎవరికీ పనిలేదు, నిజమే. కానీ తలుపులు తట్టేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. ఇంటర్నెట్‌లోని సుమారు 430 కోట్ల ఐపీవీ4 (పాత పద్ధతి ఐపీ) అడ్రసులనూ 45 నిమిషాల్లోపే తట్టి రావచ్చని మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2013లోనే చూపించారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ దాదాపు 60 ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితాతో లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది. అలా చేజిక్కిన పరికరాలతో చేయించిన దాడికి ఆ అక్టోబర్ 21న ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మొరాయించాయి. ఆ దాడికి తమ గోడ మీది కెమెరా కూడా ఓ చెయ్యి వేసిందని ఎంతమంది యజమానులకు తెలిసి ఉంటుంది?

పెట్టె బిగించిన కుర్రాడు చేసిన పని పోర్ట్ ఫార్వర్డింగ్. అంటే దూరం నుంచి చూడటానికి ప్రహరీకి కన్నం పెట్టాడు. అసలు కన్నమే అక్కర్లేదు. పరికరమే బయటికి ఫోన్ చేయాలి, బయటివాళ్లు దానికి చేయకూడదు. మేము పెట్టె పక్కన ఓ రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పెట్టాం. నెలకు కొద్దిపాటి అద్దెకు ఒక సర్వర్, అంటే ఇంటర్నెట్‌లో ఎప్పుడూ నడిచే కంప్యూటర్, తీసుకున్నాం. చెరువు దగ్గరి పై, నా ల్యాప్‌టాప్, అతని ఫోన్ మూడూ వైర్‌గార్డ్ అనే రహస్య దారి వేసే ప్రోగ్రాముతో ఆ సర్వర్‌కి కలుస్తాయి. దేని ప్రైవేట్ కీ (డిజిటల్ తాళంచెవి) దాని లోపలే ఉంటుంది. కీ లేనివాడు ఎంత తట్టినా వైర్‌గార్డ్ ‘ఎవరది’ అని కూడా అనదు. లోపలికి వచ్చాక ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి), అదీ కీతోనే. పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేశాం. కంట్రోలర్ పేజీని ఎస్ఎస్‌హెచ్ టన్నెల్‌లోంచి తెస్తే నా బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (‘ఈ కంప్యూటరే’) అని కనిపిస్తుంది, పరికరం బల్ల మీదే ఉన్నట్టు. ఫోన్ పోతే ఆ ఒక్క కీ తీసేస్తే చాలు. 4జీ సిమ్‌తో నడిచే చెరువులకూ ఇదే దారి. మామూలు సిమ్‌కి సొంత పబ్లిక్ అడ్రస్ దొరకడం అరుదు, బయటి నుంచి చేరుకోవడం కుదరదు.

ఇంత తంటా ఎందుకు, కంపెనీ యాప్ ఉందిగా అంటారు. ఉంది, సుఖంగానూ ఉంటుంది. అమెరికాలో ఇంట్లోని లైట్లు, తాళాలను ఫోన్‌తో నడిపే రివాల్వ్ అనే హబ్ కొన్నవాళ్లకూ అలాగే ఉండేది. 2016 మే నెలలో కంపెనీ సర్వర్ ఆపేసింది, 300 డాలర్ల పెట్టె పేపర్ వెయిట్ అయింది.

నా అసలు గొడవ ఇక్కడే. పట్టాదారు పాస్‌బుక్‌ని ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచే రైతు, చెరువు పాస్‌వర్డ్ మాత్రం బిగించినవాడి వాట్సాప్‌లో వదిలేస్తాడు. ప్రభుత్వాలూ అంతే. హిరమండలం నుంచి ఉద్దానం పల్లెలకు పైపుల్లో నీళ్లు వెళుతున్నాయి. కిడ్నీ జబ్బుతో కుంగిన ఊళ్లవి. రేపు అలాంటి పథకాల పంపులకు, వాల్వులకు సెన్సర్లు, రిమోట్ మీటలు వస్తే ఆ కీలు ఎవరి దగ్గరుంటాయి? కాంట్రాక్టర్ ఊరు మారినా, కేసు పడినా, కంపెనీ మూతపడినా మీట నొక్కాల్సింది ఎవరు? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పెట్టెలకూ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. మనం చట్టం దాకా ఆగక్కర్లేదు, టెండర్‌లో రెండు లైన్లు రాస్తే చాలు: బయటికి తెరిచిన పోర్ట్ ఒక్కటీ ఉండకూడదు; బిల్లు చెల్లించే రోజునే కీలన్నీ శాఖ ఇంజినీర్‌కి అప్పగించి, కాంట్రాక్టర్ కీ అతని ఎదుటే తీసేయాలి.

మావాడు ఆ పని ముందే చేశాడు. మొన్న పంట పట్టుబడి అయ్యాక నా కీ కూడా తీసేశాడు. ‘‘ఏం బావా, నీకేటి పని ఇప్పుడు?’’ అని నవ్వాడు.