డాష్‌క్యామ్ లేదా?

పోయిన ఎండాకాలం నల్గొండ క్లాక్ టవర్ సెంటర్‌లో నా కారు కదలకుండా నిలబడి ఉండగా, ముందున్న ఆటో వెనక్కి వచ్చి గుద్దింది. బంపరు పగిలింది, కుడి హెడ్‌లైటుకు మెల్లకన్ను వచ్చింది. ఆటోవాలా దిగి, "ఎన్క నుంచి వచ్చి గుద్దుతవేందే?" అన్నాడు. ఇందులో వింతేమీ లేదు. గుద్దినవాడు ముందు అరవడం మన జిల్లాలో ట్రాఫిక్ రూలు. వింతేమిటంటే, చుట్టూ చేరిన పాతికమందిలో ఒక్కరూ తప్పెవరిదని అడగలేదు. బండి మీద కీరదోస కోస్తున్నతను కత్తి ఆపి, నన్ను కిందికీ మీదికీ చూసి, ఎంతో జాలిగా అడిగాడు:

"అన్నా, డాష్‌క్యామ్ లేదా?"

అక్కడితో మొదలు, కారు ముందద్దానికి అంటించుకొని రోడ్డంతా వీడియో తీసే ఆ బుల్లి కెమెరా గొడవ. మెకానిక్ అడిగాడు. ఇన్సూరెన్సు సర్వేయరు అడిగి, నా మొహం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. హాలియా నుంచి మా అత్తగారు ఫోన్ చేసి, "అదేందో క్యామంట గద అల్లుడా, నీకు లేదా?" అంది. దొంగలు పడ్డ ఇంటికొచ్చి "తాళం ఎయ్యలేదా?" అనే చుట్టంలాంటి ప్రశ్న ఇది. అడిగినవాడికి పైసా ఖర్చు లేదు, విన్నవాడికి మాత్రం తప్పంతా తనదే అనిపిస్తుంది.

సరే, కొందామనుకున్నాను. కొనడమంటే మా బామ్మర్దిని పిలవడం. యూట్యూబ్ చూసి చూసి కళ్లు గుంటలు పడ్డ నిపుణుడతను. "4కే తీస్కో బావా" అన్నాడు. 4కే అంటే అతి స్పష్టమైన బొమ్మ. తీరా చూస్తే సగం డబ్బాల మీద 4కే అని ఉంటుంది గానీ లోపలి సెన్సార్‌కు అంత శక్తి ఉండదు. తక్కువ బొమ్మను సాగదీసి ఎక్కువ చేసి చూపిస్తాయి. రెండు సోలల బియ్యాన్ని నాలుగు సోలల సంచిలో పోస్తే నాలుగు సోలలవుతాయా? బామ్మర్ది లెక్కలో అవుతాయి.

అసలు చూడాల్సింది మన ఎండ. మే నెలలో నల్గొండలో 45 డిగ్రీలు కొత్త కాదు. అద్దాలెత్తి నిలిపిన కారు లోపల ఇంకో ఇరవై కలుపుకోండి. ఆ వేడికి లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా పూరీలా పొంగుతుంది. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది తట్టుకుంటుంది. అద్దానికి రబ్బరు కప్పుతో అతికించేది మధ్యాహ్నం మూడింటికల్లా ఒళ్లో పడుతుంది, గట్టి టేపుతో అంటించేది నిలుస్తుంది. మెమరీ కార్డు కూడా మామూలుది పనికిరాదు. నిండగానే పాతది చెరిపి కొత్తది రాసుకుంటూ రోజంతా తిరుగుతుంది కాబట్టి, ఆ అరుగుదలకు ఓర్చే హై ఎండ్యూరెన్స్ కార్డు కావాలి. ఇవన్నీ తెలుసుకొని దుకాణానికి పోతే, అక్కడి యజమాని, "గవన్నేం లేవు సార్, ఇది మస్తు పోతుంది" అని ఒకటి చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. జ్ఞానానికీ కొనుగోలుకూ సంబంధం లేదు.

బిగించిన పిల్లగాడికి పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. నోట్లో స్క్రూడ్రైవర్, చెవిలో ఇయర్‌ఫోన్. వైరును అద్దం పక్క స్తంభం మీంచి గుంజుతున్నాడు. దాని కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటుందనీ, వైరు దాని వెనక నుంచి పోవాలనీ, ముందు నుంచి పోతే బ్యాగ్ విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుందనీ నాకొచ్చినంత చెప్పాను. వాడు పని ఆపి అడిగాడు: "మీది ఎన్నడన్న పేలిందా అన్నా?"

"లేదు."

"మరింకేంది?"

పార్కింగ్‌లో కూడా కాపలా కాయాలంటే ఫ్యూజ్ బాక్సులోకి మూడు వైర్లు పోవాలి. ఎప్పుడూ కరెంటుండేది ఒకటి, తాళం తిప్పితేనే వచ్చేది ఒకటి, ఎర్త్ ఒకటి. మొదటి రెండూ కలిపితే కారు ఆగిందన్న సంగతి కెమెరాకు తెలియదు. పిల్లగాడు కలిపేశాడు. ఆ రాత్రంతా నా కెమెరా మా ఇంటి గోడను ఏకాగ్రతతో చిత్రీకరించింది. బ్యాటరీ 11.8 వోల్టులకు దిగితే తనే ఆగుతుందని డబ్బా మీద ఉంది. నిజమే, ఆగింది. 11.8 దగ్గర నా నాలుగేళ్ల బ్యాటరీ కూడా ఆగింది. పొద్దున కాలనీ అంతా కలిసి కారు తోశారు. తోస్తూ ఒకాయన అడిగాడు: "కొత్తగ డాష్‌క్యామ్ పెట్టిచ్చినవా?"

ఇంకొక గుణముంది దీనికి. లోపల జీ సెన్సార్ ఉంటుంది, కుదుపు తగిలితే అది యాక్సిడెంట్ అనుకొని ఆ ముక్కను చెరగకుండా తాళం వేసి దాస్తుంది. ఏ దేశపు రోడ్లను చూసి చేశారో మహానుభావులు. మా ఊరికి పోయే పన్నెండు కిలోమీటర్లలో అది నలభై ఒక్క యాక్సిడెంట్లు నమోదు చేసింది. రెండు రోజుల్లో కార్డంతా తాళం వేసిన గుంతలతో నిండిపోయి, కొత్తది రికార్డు చేయడానికి చోటు లేదని ఏడ్చింది. కాంట్రాక్టరు బిల్లు పెట్టేటప్పుడు ఈ యంత్రాన్ని ఒక్కసారి ఆ దారిలో తిప్పితే చాలు, వేరే ఇంజినీరు అక్కర్లేదు.

ఇక మేక సంగతి.

దేవరకొండ రోడ్డు మీద పొద్దుగూకే వేళ జీవాలు దాటుతున్నాయి. అన్నీ దాటాయనుకున్నాక తుమ్మచెట్టు చాటు నుంచి ఒకటి దూకింది. బ్రేకేశాను. అందలేదు. నిమిషంలో ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. జన్మలో మొదటిసారి నేను భయపడలేదు. కారు దిగి, చొక్కా సవరించుకొని, గట్టిగా చెప్పాను: "నా దగ్గర వీడియో ఉంది."

గుంపు చప్పబడింది. హోటల్ నుంచి కుర్చీలొచ్చాయి. పెద్దమనుషులు కూర్చున్నారు. నేను ఫోన్ తీశాను. ఈ కెమెరాలో వీడియో చూడాలంటే ఫోన్‌ను దాని వైఫైకి కలపాలి. పాస్‌వర్డ్ గుర్తు చేసుకుంటుంటే గుంపులోంచి ఒక పోరడు, "ఒకటి నుంచి ఎనిమిది దాక కొట్టు సార్, అన్నిటికీ గదే" అన్నాడు. అదే. కలిసింది. యాప్ తెరిస్తే, అప్‌డేట్ చేస్తే గాని చూపించనంది. అప్‌డేట్‌కు ఇంటర్నెట్ కావాలి, కెమెరా వైఫైలో ఉన్నంతసేపు ఇంటర్నెట్ ఉండదు. దాన్ని విడదీసి దీన్ని కలిపి, దీన్ని విడదీసి దాన్ని కలిపి, పన్నెండు నిమిషాలు. ఈలోగా చాయ్ వచ్చింది. కత్తి కూడా వచ్చింది. మేక పైసలు నావి, కూర ఊరిది అని అప్పటికే ఖరారైపోయినట్టుంది.

చివరికి బొమ్మ వచ్చింది. మూడుసార్లు చూశారు. మొదటిసారి ఒకామె, "ఆగాగు, గది మా ఇల్లే!" అని మళ్లీ వేయించింది. రెండోసారి ఎవరో తన బావ ఎవరి బండి మీద ఎక్కడికి పోతున్నాడో గుర్తుపట్టి, గుంపులోంచి విసురుగా వెళ్లిపోయాడు. మూడోసారి నడుమ కూర్చున్న తాత ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకొని అడిగాడు:

"సారూ, ఈడ మేక కనబడ్తుందా?"

"కనబడుతుంది."

"గుద్దేటందుకు ఎంతసేపు ముందుకెళ్లి కనబడ్తుంది?"

"మూడు సెకన్లు."

"అగ్గిపెట్టెంత డబ్బాకు మూడు సెకండ్ల ముందే కనబడ్డది. నీకు రెండు కండ్లున్నయ్, పైన అద్దాలు గుడ పెట్టినవ్. నీకెందుకు కనబడలే?"

నాకు తెలిసి ఏ లా కాలేజీలోనూ దీనికి జవాబు చెప్పరు. తాత ఆపలేదు. "నలభైల వస్తున్న అన్నవ్. ఈ మూలకు 72 అని ఉన్నది. ఏంది సారూ గది?" అది జీపీఎస్ రాసిన వేగం. ఎక్కువ పైసలు పెట్టి నేనే వేయించుకున్నాను.

మన దగ్గర రోడ్డు మీద చచ్చిన ప్రతి మేకా సూడిదే, ప్రతి సూడి మేక కడుపులోనూ రెండు పిల్లలే. అది మేకపోతు కదా, వీడియోలోనే తెలుస్తోంది కదా అన్నాను. "పోతయితే ఏమాయె, దాని మీద మంద మందంత ఆధారపడ్డది" అన్నారు. పద్నాలుగు వేలు. రుజువుతో సహా.

మేకకు పంచాయితీ కూర్చున్నది. కుర్చీలేశారు, చాయ్ తెచ్చారు, సాక్ష్యం మూడుసార్లు చూశారు, అరగంటలో తీర్పిచ్చారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత రెండు నెలలకు, మిర్యాలగూడ రోడ్డు మీద, తెల్లవారుజామున ఐదు దాటి పది నిమిషాలు. నా ముందు ఒక తాపీ మేస్త్రి బండి మీద పోతున్నాడు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా, నడుముకు కట్టిన సంచిలో మట్టపు పలక. పక్కదారి నుంచి లైట్లు లేని ఇసుక ట్రాక్టరు రోడ్డెక్కింది. ట్రాలీ నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఆగలేదు. అంతా ఇరవై ఆరు సెకన్లు. నేను దిగి మేస్త్రి దగ్గరికి పోయేసరికి ట్రాక్టరు మలుపు తిరిగింది. అంబులెన్సు వచ్చేసరికి ఇక తొందరేమీ లేకపోయింది.

కెమెరాను అననివ్వను. అది దాని పని చేసింది. నేను ఇంటికొచ్చి ఫ్రేము ఫ్రేమూ ఆపి చూశాను. నా హెడ్‌లైటు వెలుగు ట్రాలీ వెనక రేకు మీద పూర్తిగా పడింది. 'నన్ను చూసి ఏడవకురా' అని పసుపు రంగుతో రాసి ఉంది, ఒత్తులతో సహా కనబడుతోంది. దాని కింద నంబరు ప్లేటు ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి. వాటి చుట్టూ పట్టిన తుప్పు కూడా కనబడుతోంది. 4కే అంటే అదీ.

స్టేషన్‌కు తీసుకుపోయాను. ఏ స్టేషనో ఎందుకు, మీ ఊళ్లోదే అనుకోండి. "నంబరేది సార్?" అన్నారు. లేదన్నాను. "నంబరు లేకుంటే ఎట్ల సార్?" అన్నారు, నేను పీకి జేబులో వేసుకున్నట్టు. తర్వాత సర్టిఫికెట్ అడిగారు. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, దాని 63వ సెక్షన్ కింద వీడియోతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి, ఒక భాగం నేను నింపాలి, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. మంచిదే, సాక్ష్యానికి కట్టుదిట్టం ఉండాల్సిందే. నింపుతాను. నా కెమెరా ఏ కంపెనీది, ఏ మోడల్, సీరియల్ నంబరెంత, అన్నీ రాస్తాను. ఆ గదిలో ఆ రోజు నంబరున్నది నా కెమెరాకు ఒక్కదానికే.

మర్నాడు పేపర్లో వచ్చింది: 'గుర్తుతెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి.'

గుర్తుతెలియనిదా? ఎవరికి? ఆ ట్రాక్టరు ఎవరిదో చాయ్ హోటల్లో తెలుసు. వాగులో పార పట్టి నింపే కూలీలకు తెలుసు. ఏ రాత్రి ఎన్ని ట్రిప్పులు పోయాయో, ట్రిప్పుకు ఎవరి చేతిలో ఎంత పడిందో లెక్క తెలిసినవాళ్లున్నారు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండి షోరూం దాటాలంటే హోలోగ్రాము, లేజరు కోడు ఉన్న ప్లేటు ఉండాలి. టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడు ఆ రెండక్షరాల గురించి రాష్ట్రమంతా నెల రోజులు మాట్లాడుకున్నాం. మా ఆవిడ హెల్మెట్ లేకుండా నా వెనక కూర్చుంటే ఫొటోతో సహా సాయంత్రానికి చలానా వస్తుంది, అందులో ఆమె చీర అంచు కూడా తెలుస్తుంది. అంత చూపున్న ప్రభుత్వానికి నాలుగు టన్నుల తడి ఇసుక కనబడదు! గుర్తు తీసేసిన వాహనం అని రాయండి. తీయనిచ్చిన వాళ్ల పేర్లు రాయండి.

'గుర్తుతెలియని' అన్న ఈ మాట వెనక లెక్కుంది. వాహనం దొరికి, దానికి బీమా ఉంటే, ట్రిబ్యునల్ మేస్త్రి వయసు చూస్తుంది, రోజు కూలి చూస్తుంది, ఆయన మీద ఎందరు బతుకుతున్నారో చూస్తుంది, దాన్ని బట్టి పరిహారం కడుతుంది. 'గుర్తుతెలియని' అయితే ఇవేమీ చూడరు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణానికి రెండు లక్షలు, అంతకు ముందు పాతికవేలు. నాలుగు బోల్టులు విప్పడానికి పాన పట్టుకుంటే ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలతో ఒక మనిషి ఇరవై ఏళ్ల సంపాదన కొట్టేయొచ్చు.

మేస్త్రి కొడుకు పదిరోజులకు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడట. "చుట్టుపక్కల కెమెరాలేమన్న ఉన్నయేమో చూసుకొని రాపో" అన్నారట వాడిని. రెండు పెట్రోల్ బంకులు, ఒక రైస్ మిల్లు, ఒక ధాబా తిరిగి, అక్కడెవరో నా కారు సంగతి చెబితే వచ్చాడు. తండ్రి పోయిన పిల్లవాడు, కేసు మాత్రం వాడే దర్యాప్తు చేసుకోవాలి. ఏ అధికారికైనా ఇంతకన్నా ఏం కావాలి?

"సార్, వీడియోల మా నాయిన హెల్మెట్ పెట్టుకున్నడా?"

"పెట్టుకున్నాడు."

"లేదంటుండ్రు సార్."

ఫోన్ తీసి కలిపాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా. వాడు కుర్చీ అంచున కూర్చున్నాడు. మేస్త్రి నా కారు ముందు పోతున్నాడు, హెల్మెట్ ఉంది, వెనక స్టిక్కరు కూడా కనబడుతోంది. టిఫిన్ డబ్బా ఊగుతోంది. పద్నాలుగో సెకను దగ్గర పిల్లవాడు వేలు పెట్టి ఆపాడు.

"గీడిదాంక నా ఫోన్ల వెయ్యిండ్రి సార్" అన్నాడు.