కార్మికుడి బకాయిలకు ఏ తేదీ ప్రాతిపదిక?

నిజాం హయాంలో మొదలై, ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకున్న బోధన్ చక్కెర కర్మాగారంలో 51 శాతం వాటా 2002లో డెల్టా పేపర్ మిల్స్‌కు దక్కగా, ప్రభుత్వం చేతిలో 49 శాతం మిగిలింది. 2015 డిసెంబరులో, చెరకు గానుగాడే సీజన్‌లోనే, యాజమాన్యం లేఆఫ్ ప్రకటించడంతో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. కంపెనీని లిక్విడేట్ చేయాలని, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చాలని, కంపెనీల దివాలా కేసులు విచారించే హైదరాబాద్‌లోని నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్ ఆదేశించింది మాత్రం 2019 జూన్‌లో. కార్మికుల హక్కు కరిగిపోయింది ఈ మూడున్నరేళ్ల వ్యవధిలోనే.

దివాలా చట్టంలోని 53వ సెక్షన్ కార్మికుల బకాయిలకు, ఆస్తి తాకట్టు మీద అప్పిచ్చి ఆ తాకట్టు హక్కును వదులుకున్న రుణదాతలతో సమానమైన స్థానం ఇచ్చింది. అయితే ఆ ప్రాధాన్యం లిక్విడేషన్ ఆదేశానికి ముందరి 24 నెలల బకాయికే పరిమితం. అంటే బోధన్ కార్మికుడికి 2017 జూన్ తర్వాతి లెక్కే ముందు వరుసలోకి వస్తుంది. లేఆఫ్ మొదలైన నాటి నుంచి అప్పటిదాకా గడిచిన ఏడాదిన్నర బాకీ, చివరికి డబ్బు మిగిలితే చూసే పద్దుల్లోకి జారిపోతుంది. లిక్విడేషన్‌కు ముందు కంపెనీని నిలబెట్టేందుకు చేసే దివాలా పరిష్కార ప్రక్రియ సాగుతున్న కాలంలో కంపెనీ నడుస్తూ, అందులో నిజంగా పనిచేసిన వారి జీతాలనే ప్రక్రియ ఖర్చుగా ముందు చెల్లించాలని 2022లో సుప్రీంకోర్టు వేరొక కేసులో తేల్చింది. బోధన్‌లో గేటుకు తాళం వేసింది యాజమాన్యం. పని చేయలేదన్న లోటు మాత్రం కార్మికుడి ఖాతాలో పడుతోంది. ఇది అన్యాయం.

వేరే పని చూసుకోవచ్చు కదా అనేవారు చక్కెర మిల్లులో పని ఎలా ఉంటుందో గమనించాలి. మరుగుతున్న పాకాన్ని గాజు పలక మీద చుక్కగా వేసి, గింజ ఎంతవరకు కట్టిందో చూసి చెప్పగల పాన్‌మ్యాన్ నైపుణ్యం ఏళ్ల తరబడి అనుభవంతో వస్తుంది. మిల్లు లేని ఊళ్లో దానికి కూలీ కట్టేవారు ఉండరు. సీజనల్ కార్మికుల పరిస్థితి మరీ దయనీయం, ఎందుకంటే గానుగ ఆడని ఏడాది వారికి పనే లేదు.

పునరుద్ధరణ కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేయడం ఆహ్వానించదగినదే. కానీ 49 శాతం వాటాదారుగా కూర్చున్న ప్రభుత్వం ఆ మూడున్నరేళ్ల జాప్యంలో తన బాధ్యతను కాదనలేదు. మిల్లు మళ్లీ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా, ముందు వరుసకు చేరని పాత బకాయిని బడ్జెట్ నుంచే చెల్లించాలి. పార్లమెంటు కూడా 53వ సెక్షన్‌ను సవరించి, ఆ 24 నెలలను ట్రైబ్యునల్ ఆదేశం తేదీకి బదులు ఉత్పత్తి ఆగిన తేదీ నుంచి లెక్కించేలా చూడాలి.