మెక్సికో స్వాతంత్ర్య పండగ సెప్టెంబర్ 27న కాక 16నే ఎందుకు?

మెక్సికో స్పెయిన్ పాలన నుంచి నిజంగా బయటపడింది 1821 సెప్టెంబర్ 27న. అగుస్తీన్ దె ఇతుర్బిదె సైన్యం ఆ రోజు మెక్సికో నగరంలో అడుగుపెట్టింది. కానీ దేశమంతా పండగ చేసుకునేది సెప్టెంబర్ 16న. 1810లో ఆ తెల్లవారుజామున డొలోరెస్ అనే ఊళ్లో చర్చి ఫాదర్ మిగెల్ ఇదాల్గో గంట కొట్టించి జనాన్ని తిరుగుబాటుకు పిలిచాడు. మనం ఆగస్టు 15న తలచుకునేది అధికారం చేతులు మారిన రోజును. మెక్సికన్లది పోరు మొదలైన రోజు.

దీని వెనక బలమైన కారణమే ఉంది. ఇదాల్గోను 1811 జూలై 30న కాల్చి చంపారు. అతనిదీ, మరో ముగ్గురు నాయకులదీ తలలు నరికి, గ్వనహ్వాతో నగరపు ధాన్యాగారం నాలుగు మూలలా వేలాడదీశారు. ఇతుర్బిదె అయితే అదే తిరుగుబాటుదారులను ఏళ్ల తరబడి వేటాడిన రాజు పక్షం అధికారి. చివర్లో పక్షం మారి గెలిచి, 1822లో చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. రాచరికాన్ని కాదనుకున్న గణతంత్రానికి అలాంటి మనిషి మూలపురుషుడు ఎలా అవుతాడు? పైగా, ఏటా సెప్టెంబర్ 16ను ఘనంగా జరపాలని ఇదాల్గో తర్వాత పోరును నడిపించిన హోసె మరియా మొరెలోస్ 1813లోనే రాసిపెట్టాడు.

సంబరం 15వ తేదీ రాత్రే మొదలవుతుంది. తన పుట్టినరోజు కలిసొచ్చేలా నియంత పొర్ఫీరియో దియాజ్ దాన్ని ముందుకు జరిపాడని చాలామంది నమ్ముతారు. అది నిలబడే మాట కాదు. అతను అధ్యక్షుడు కావడానికి పన్నెండేళ్ల ముందే, 1864 సెప్టెంబర్ 15 రాత్రి, ఫ్రెంచి సైన్యం గద్దెనెక్కించిన చక్రవర్తి మాక్సిమిలియన్ డొలోరెస్‌కు వెళ్లి ఇదాల్గో పిలుపును గుర్తుచేసే నినాదం ఇచ్చాడు. దియాజ్ చేసింది వేరు: 1896లో డొలోరెస్ గంటను రాజధానికి తెప్పించి జాతీయ భవనం మీద వేలాడదీయించాడు.

ఇప్పటికీ మోగేది ఆ గంటే. రాత్రి 11 గంటల వేళ సైనిక విద్యార్థుల చేతుల మీదుగా జెండా అందుకుని, అధ్యక్షులు బాల్కనీలోకి వస్తారు. వీరుల పేర్లు ఒక్కొక్కటే పలుకుతుంటే కింద 'సోకలో' అనే పెద్ద మైదానంలోని జనం 'వీవా' (వర్ధిల్లాలి) అని బదులిస్తారు. చివర్లో మూడుసార్లు 'వీవా మెహికో', గంట, జాతీయ గీతం, బాణసంచా. మర్నాడు సైనిక కవాతు.

ఇదాల్గో ఆనాడు సరిగ్గా ఏమన్నాడో అక్కడికక్కడే రాసుకున్నవాళ్లు లేరు. అందుకే ఏ పేర్లు పలకాలన్నది పాలకుల చేతిలో ఉంది, అసలు రాజకీయమంతా అక్కడే. 2025లో తొలిసారి మహిళా అధ్యక్షురాలి హోదాలో క్లౌడియా షేన్‌బామ్ ఈ నినాదం ఇచ్చినప్పుడు, హోసెఫా ఓర్తిస్‌ను భర్త ఇంటిపేరుతో కాక పుట్టింటి పేరుతో తలచుకున్నారు. తిరుగుబాటు కుట్ర బయటపడిందని 1810లో దాని నాయకులకు కబురు పంపిన మహిళ ఆమె. ఇది ఆలస్యంగానైనా జరిగిన న్యాయమని నా అభిప్రాయం.

క్యాలెండర్ పక్కన పెట్టిన ఇతుర్బిదె వంటింట్లో మాత్రం మిగిలాడు. 1821లో ప్వెబ్లా నగరపు సన్యాసినులు అతని కోసం 'చిలెస్ ఎన్ నొగాదా' వండారని ఐతిహ్యం. పెద్ద పొబ్లానో మిరపకాయలను మంట మీద కాల్చి, తొక్క తీసి, మాంసం కీమాలో ఆపిల్, పియర్, పీచ్ ముక్కలు కలిపి కూరుతారు. పైన తెల్లటి అక్రోటు సాస్, దానిమ్మ గింజలు, పచ్చటి పార్స్‌లీ వేస్తే జెండా మూడు రంగులూ వచ్చేస్తాయి. అక్రోట్లు ఆగస్టు, సెప్టెంబర్‌లలో దొరికే పచ్చివే కావాలి. లోపలి పలుచటి పొర ప్రతి పప్పు నుంచీ వొలవాలి, లేకపోతే సాస్ చేదెక్కి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎండిన పప్పుకు ఆ పొర అంటుకుపోయి ఓ పట్టాన ఊడదు.