కన్సెంట్ ఫారం గారికి ఒక సామాన్య సభ్యుని విన్నపం

మహారాజశ్రీ సమాచారపూర్వక అంగీకార పత్రం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. కొత్త మందు పరీక్షలో చేరే రోగికి అన్నీ వివరించి, ఒప్పుకున్నట్టు సంతకం తీసుకునే కాగితం తమరే కదా. ఇరవై రెండు పేజీల తమ సరికొత్త తెలుగు అవతారం నిన్న కొరియరులో నాకు చేరింది. ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసి పోస్టుమాస్టరుగా రిటైరైన నేను, మా ఊళ్ళో ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో (రోగుల మీద చేసే పరిశోధనలకు అనుమతి ఇచ్చే సంఘంలో) ‘సామాన్య సభ్యుడి’గా స్వచ్ఛంద సేవ చేస్తున్న సంగతి తమకు తెలిసే ఉంటుంది. ప్రతి సమావేశంలోనూ మనం ఎదురెదురుగానే కూర్చుంటున్నాం.

ఈ పదవికి కావలసిన అర్హత వైద్యం తెలియకపోవడమే. గత ఐదేళ్లలో వైద్యరంగంలో పనిచేసి ఉండకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో రాసింది. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ (మందు పరీక్షల) నియమాల ప్రకారం కమిటీలో ఏడుగురికి తగ్గకుండా ఉండాలి, వారిలో కనీసం సగం మంది సంస్థకు బయటివారై ఉండాలి, కనీసం ఐదుగురు, అంటే కోరం, కూర్చుంటే గాని ఏ నిర్ణయమూ చెల్లదు, ఆ ఐదుగురిలో సామాన్యుడు ఒకడు తప్పనిసరి. అందుకే సమావేశం రోజున నా ఆరోగ్యం గురించి సభ్య కార్యదర్శి గారు మా అబ్బాయి కంటే ఎక్కువ ఆందోళన పడతారు. నేను వచ్చి కుర్చీలో కూర్చోగానే ఆ ఆందోళన తీరిపోతుంది. తరువాత నేను ఏం మాట్లాడినా చెల్లుతుంది, మాట్లాడకపోతే ఇంకా బాగా చెల్లుతుంది.

తమ తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది. “యాదృచ్ఛికీకరణ ప్రక్రియ ద్వారా మీరు అధ్యయన ఔషధ బాహువుకు గాని, నిష్క్రియ ఔషధ బాహువుకు గాని కేటాయించబడుదురు.” దీన్ని నేను మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆవిడ పప్పు గరిట పక్కన పెట్టి, “ఇంతకీ సూది ఏ చేతికి వేస్తారంట?” అని అడిగింది. బొమ్మా బొరుసూ వేసినట్టు ఒకరికి అసలు మందు, ఇంకొకరికి మందు లేని ఉత్త మాత్ర ఇస్తారనీ, ఎవరికి ఏది వచ్చిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదనీ చెప్పాను. “మరి ఆ ముక్క రాయొచ్చుగా?” అంది.

ఆ ముక్కే కిందటి సమావేశంలో అడిగాను. జవాబుగా ఒక సర్టిఫికెట్ చూపించారు. తమను తెలుగు చేసిన తరువాత, ఇంకొకరి చేత మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి, మొదటి ప్రతితో సరిపోల్చి చూశారట. ఒక్క మాట తేడా రాలేదట. ఎందుకు వస్తుంది? పరిశోధనలో ఒక గుంపు అనే అర్థంలో వాడే ఇంగ్లీషు ఆర్మ్ తెలుగులో బాహువై, ఆ బాహువు తిరిగి ఆర్మ్ అయి, నడుమ ఏ తెలుగువాడికీ అర్థం కాకుండానే క్షేమంగా ఇల్లు చేరింది. పరిశోధకుడు మర్యాదస్తుడు, చిరునవ్వుతో “అదంతా మేము నోటితో వివరిస్తామండీ” అన్నారు. నోటితో చెప్పేది నాలుగు మాటల్లో తేలేదైతే ఈ ఇరవై రెండు పేజీలు ఎవరి కోసమో నేను అడగలేదు. అప్పటికే టీ వచ్చింది.

తమ చివరి పేజీలో వేలిముద్రకు వదిలిన గడి ఉంది చూశారా, అక్కడ మాత్రం నాకు కొంచెం అనుభవం ఉంది. చదువురాని ముసలమ్మకు నూరు రూపాయల మనియార్డరు ఇవ్వాలన్నా, మా శాఖకు బయటి సాక్షి ఒకడిని పక్కన నిలబెట్టి, డబ్బు ఆమె ఎదుటే లెక్కపెట్టి, అప్పుడు ఎడమ బొటనవేలు సిరాలో అద్దించేవాళ్ళం. తమ విషయంలోనూ చదవలేని వారికి నిష్పక్షపాత సాక్షి మొదటి నుంచి చివరిదాకా కూర్చోవాలనే నియమం ఉంది. నియమానికి లోటు లేదు. ఖమ్మం జిల్లాలో 2009లో ఒక అధ్యయన ప్రాజెక్టు కింద గిరిజన హాస్టళ్ళ ఆడపిల్లలకు కూడా గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. మరుసటి ఏడాది ఆ ప్రాజెక్టును ఆపేశారు. దానిమీద పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో నివేదిక ఇచ్చింది. అందులోని లెక్క ప్రకారం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాలలో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఒకరి కూతురి చేతికి వేసే సూదికి వార్డెన్ అంగీకరించడం తమ వంశంలోనే జరిగింది కనుక గుర్తు చేస్తున్నాను. మనియార్డరు వార్డెన్ సంతకంతో ఇచ్చి ఉంటే నన్ను ఆ సాయంత్రమే సస్పెండ్ చేసేవారు.

తమలో ‘స్వచ్ఛందంగా’ అనే మాట పదకొండు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. పరీక్షలో హాని జరిగితే నష్టపరిహారం ఎవరిస్తారో, ఎవరిని అడగాలో మాత్రం పంతొమ్మిదో పేజీలో ఒక్క చోటే ఉంది, అదీ చీమతలకాయంత అక్షరాలలో. ఆ పేరాను మొదటి పేజీకి తెమ్మన్నాను. “సామాన్య సభ్యుని భాషాపరమైన సూచనను పరిశీలించవలెను” అని మినిట్స్‌లో నమోదైంది.

పరిశీలించారు. తమ నాలుగో కూర్పు, కొత్త సర్టిఫికెట్‌తో సహా, నా ముందే ఉంది. సవరణల పట్టికలో ఒకే ఒక వరుస: తొమ్మిదో పేజీ, ‘బాహువు’ అనుచోట ‘భుజము’ అని చదువుకొనవలెను.

శనివారం మూడు గంటలకు కోరం. వస్తున్నాను.

ఇట్లు,
విధేయుడు,
సామాన్య సభ్యుడు